నొప్పి తెలియని చేయి
(సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కాగిన గిన్నెను మసిగుడ్డ లేకుండ దింపు ఇల్లాలిని చూచి, "ఆమె చేయి కాయ కాచినది" అని మనము మెచ్చుకొందుము. కాని బొబ్బ లేచిన పిమ్మట దానిని కంటితో చూచి గాని చేయి కాలినదని తెలియని స్థితి యొకటి కలదు. అది ఓర్పు కాదు, రోగలక్షణము. అట్టి లక్షణము గల సిరింగోమైలియా యను వ్యాధిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది అరుదైన వ్యాధియే. అయినను, దీనిని దాచుటవలన కలుగు నష్టము పెద్దది.

వెన్నుపాము నడుమ నీరు చేరి, గొట్టమువలె పొడుగైన తిత్తి యేర్పడుటయే ఈ వ్యాధి. గ్రీకు భాషలో పిల్లనగ్రోవికి గల పేరును బట్టి ఫ్రెంచి వైద్యుడు ఒలివియే 1827లో దీనికి ఈ నామమును కూర్చెను. నొప్పిని, వేడిని తెలుపు తంతువులు వెన్నుపాము నడిమి భాగమును దాటి ఆవలి ప్రక్కకు పోవును. తిత్తి మొదట వానినే ఒత్తును. స్పర్శను తెలుపు తంతువులు వెనుక భాగమున తిన్నగా పైకి పోవును గనుక అవి చాలకాలము చెడవు. కావుననే రోగికి చేతిలో కాఫీ గ్లాసు ఉన్నట్లు తెలియును. దాని వేడి మాత్రము తెలియదు. ఈ లోపము భుజములపై శాలువ కప్పినట్లు రెండు చేతులకును వ్యాపించుట కలదు.

కారణములలో ముఖ్యమైనది కియారి దోషము. చిన్నమెదడు అడుగుభాగము కపాలపు రంధ్రము గుండ మెడలోనికి జారి, నీటి రాకపోకలకు అడ్డుపడును. దీనిని 1891లో హాన్స్ కియారి వర్ణించెను. దగ్గినను, తుమ్మినను తల వెనుక పోటు పుట్టుట దీని గుర్తు. వెన్నుపాములోని గడ్డలు, క్షయ వలని మెదడు పొరల వాపు కూడ కారణములే. హార్బరులో మూటలు మోయువారికిని, కట్టడపు పనివారికిని ఒక హెచ్చరిక: వెన్నుపాముకు దెబ్బ తగిలిన నెలలకో, ఏండ్లకో కూడ ఈ తిత్తి యేర్పడవచ్చును.

వ్యాధి గమనము అందరియందును ఒక్కటి కాదు. తరుచుగా 20–40 ఏండ్ల నడుమ మెల్లగా పొడచూపును. కొందరిలో ఏండ్ల తరబడి పెరుగక నిలిచియుండును. అరుదుగా తిత్తి తనంత తానే కుంచించుకొనును. మరికొందరిలో చేతి కండలు కృశించి, పట్టు సడలి, కాళ్లు బిగుసుకొని, నడక చెడును. గట్టిగా దగ్గినపుడో, బరువెత్తినపుడో హఠాత్తుగా ముదురుటయు కలదు.

ఇక మన ఇండ్లలో జరుగు పొరపాటును చెప్పెదను. వ్రేళ్లపై తెలియని కాలుడు గాయములు కనబడగానే కుష్ఠమని భయపడి రోగిని దాచుదురు. కుష్ఠములో సాధారణముగా చర్మముపై స్పర్శ లేని మచ్చలుండును, నరములు లావెక్కును. సిరింగోమైలియాలో ఇవి యుండవు. ఈ భేదమును వైద్యుడు నిర్ణయింపవలెను గాని ఇరుగుపొరుగు కాదు. కుష్ఠమే అయినను సిగ్గుపడ నక్కరలేదు. ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ మందులిచ్చి నయము చేయుచున్నారు. కుష్ఠరోగుల వ్రేళ్లు అరిగిపోవుట మాంసము కుళ్లుటవలన కాదనియు, నొప్పి తెలియక తగులు దెబ్బలవలననేయనియు వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపెను. ఆ పాఠము ఈ రోగికిని వర్తించును.

ఎం.ఆర్.ఐ. చిత్రములో తిత్తియు, తరుచుగా దాని కారణమును స్పష్టముగ కనబడును. బాధలేమియు లేనిచో శస్త్రచికిత్సకు తొందరపడక, నియమముగ పరీక్షించుచు కనిపెట్టియుందురు. వ్యాధి ముదురుచున్నచో కారణమును తొలగించుటయే చికిత్స. కియారి దోషమున తల వెనుక ఎముకను కొంత తీసి నీటికి దారి కల్పింతురు. గడ్డయున్నచో దానిని తొలగింతురు. ఇవి సాధ్యము కానిచో తిత్తిలోని నీటిని సన్నని గొట్టముతో వెలికి మళ్లింతురు. శస్త్రచికిత్స ప్రధానముగ వ్యాధి ముదురకుండ నిలుపును, తలపోటు తగ్గవచ్చును. కాని పోయిన వేడి జ్ఞానము, కృశించిన కండ పూర్తిగా మరలి వచ్చుట అరుదు. ఆలస్యము తగదని నేను మరిమరి చెప్పుట ఇందులకే.

ఇంట పాటింపవలసినవి కొన్ని కలవు. పొయ్యి దగ్గర పట్టకారును, మందపు మసిగుడ్డను వాడవలెను. స్నానపు నీటి వేడిని ఇతరులచే చూపించుకొనవలెను. ప్రతి రాత్రి చేతులను దీపము వెలుగున పరికింపవలెను. చిన్న గాయమునైనను కడిగి కట్టు కట్టవలెను. పెద్ద బరువులెత్తరాదు, ముక్కి విరేచనమునకు పోరాదు. మంగలి దుకాణమున మెడ విరిపించుకొను అలవాటును వెంటనే మానవలెను.

1950లో మన నగరపు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తిగారు నరముల శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పిరి. ఆ ఆసుపత్రి నేడు రాజీవ్ గాంధీ పేర వెలయుచున్నది. స్టాన్లీ ఆసుపత్రి మనకు మరింత చేరువ. ఇన్ని తలుపులు దగ్గరనుండగా, కాలిన చేతిని కొంగు చాటున దాచుకొని కూర్చుండుట న్యాయమా?

ఇంటికి పోయిన పిమ్మట మీ పెద్దల చేతులను, పనిచేయు బిడ్డల చేతులను ఒక్కసారి పట్టి చూడుడు. ఎచ్చటనైన ఎట్లు కాలినదో చెప్పలేని మచ్చ కనబడినచో, మరునాడే వైద్యునికి చూపింపుడు. ఇదియే నా విన్నపము.