హిట్టయిన పాటకు పీట వేద్దామా?

(సంఘం సాంస్కృతిక సమావేశంలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు, కడప జిల్లాల్లో మన కార్యక్రమం ఏది జరిగినా ముందు రోజు సాయంత్రం ఒక తగువు తప్పదు. సేవాలాల్ జయంతి కావచ్చు, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం కావచ్చు, హాస్టల్ వార్షికోత్సవం కావచ్చు. పిల్లలు పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట తెస్తారు. పెద్దలు వద్దంటారు. "అది డబ్బు కోసం కట్టిన పాట, అందులో కళ ఏముంది?" అని పెద్దల మాట. "కోట్ల మంది విన్నారు, ఇంకేం కావాలి?" అని పిల్లల మాట. మధ్యలో వార్డెన్లం మేము. ఇద్దరూ మా వైపే చూస్తారు, తీర్పు చెప్పమని.

ఈ రోజు ఆ తీర్పు చెప్పడానికే నిలబడ్డాం. బాగా అమ్ముడుపోయిన పాటను నిజమైన కళగా గౌరవించాలా, వద్దా? ముందుగా ఒక మాట. ఈ తగువులో ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే కొలబద్ద. డబ్బు వచ్చింది కాబట్టి తక్కువ అని ఒకరు, డబ్బు వచ్చింది కాబట్టి గొప్ప అని ఇంకొకరు. పాటను విన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

పాటకు డబ్బు తీసుకోవడం మన ఇళ్లలో కొత్త కాదు. ఎరుక చెప్పే అవ్వ పాడి, చెప్పి, చాటలో గింజలు పోయించుకునేది. తండాకు వచ్చి వంశాల కథలు పాడే ఢాడీలకు మన తాతలు ఉన్నంతలో ఇచ్చి పంపేవారు. అది వాళ్ల కూలి. కూలి తీసుకున్నందుకు ఎరుకల అవ్వ పాట తక్కువైందా? కాలేదు. పైగా ఆ ఎరుకలసాని కురవంజిలోకి, యక్షగానంలోకి పాత్రగా నడిచి వెళ్లింది. పండితులు ఆమె మీద పుస్తకాలు రాశారు. కాబట్టి డబ్బు ముట్టిన పాటకు మైల అంటుకుంటుందన్న మాటను ఇక్కడే పక్కన పెడదాం.

పెద్దలకు ఒక పాత సంగతి గుర్తు చేస్తాం. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాట అంటే గిట్టేది కాదు. శాస్త్రీయ సంగీతమే దేశానికి మేలని ఆయన నమ్మకం. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినిపించకుండా పోయింది. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. మన దేశపు పాటను పక్క దేశపు రేడియోలో విన్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న ప్రభుత్వమే వివిధభారతి మొదలుపెట్టి సినిమా పాటకు తలుపు తీసింది. కేంద్ర మంత్రి వల్ల కానిది మన కల్చరల్ కమిటీ వల్ల అవుతుందా? పాటను వద్దంటే అది వేదిక దిగుతుంది కానీ చెవిలో ఇయర్‌ఫోన్ దిగదు.

ఇంకా వెనక్కి, మన కడప గడ్డ మీదికే పోదాం. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ముప్పై రెండు వేల సంకీర్తనలు కట్టారని చెబుతారు. ఈ రోజు ఆ పాటలను కచేరీల్లో, పట్టుచీరలు కట్టుకొని, తాళం వేస్తూ వింటారు. కానీ ఆయన తీసుకున్న బాణీల పేర్లు చూడండి. సువ్వి, జాజర, లాలి, గొబ్బి, ఏల. సువ్వి వడ్లు దంచే ఆడవాళ్ల పాట. లాలి ఉయ్యాల పాట. రోకలి దగ్గర, ఊయల దగ్గర పుట్టిన వరసలే రాగితీగ కాదు, ఏకంగా రాగిరేకుల మీదికి ఎక్కాయి. అంటే జనం నోట ఆడే పాటకు గౌరవం ఇవ్వడం మన సీమకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. ఆ రోకలి పట్టిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఏ రేకు మీదా లేవు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇప్పుడు పిల్లల వైపు తిరుగుతాం. మీరు వ్యూస్ చూపిస్తారు. వ్యూస్ ఎంతమంది తలుపు తట్టారో చెబుతాయి, ఇంట్లో ఏముందో చెప్పవు. "నాటు నాటు" పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. భారతీయ సినిమా పాటకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆ పాట గొప్పదనాన్ని బహుమతితో కాదు, పనితో చెప్పండి. రాసిన చంద్రబోస్ గారు ఆ పాటలో చాలా భాగం ఒక్క పూటలో రాశానని, మిగిలిన కొంచెం పూర్తి కావడానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందని చెప్పుకున్నారు. స్వరపరిచిన కీరవాణి గారు, పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ, అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్, ఇంతమంది చెమట అది. నాలుగు నిమిషాల్లో మనం నలిపి పారేసే పాట వెనక నెలల పని ఉంటుంది. ఎంబ్రాయిడరీ చేసే మన అమ్మకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్క అద్దం బిళ్ల సరిగా కూర్చోకపోతే కుట్టు విప్పి మళ్లీ కుడుతుంది.

డబ్బుకూ విలువకూ ముడి లేదనడానికి ఇంకో ఉదాహరణ మన ముంగిట్లోనే ఉంది. 2023లో ప్రకటించిన 69వ జాతీయ సినిమా అవార్డుల్లో పాటలకు ఉత్తమ సంగీత దర్శకుడు దేవిశ్రీప్రసాద్. సినిమా "పుష్ప". దేశమంతా ఆడిన సినిమా. అదే ఏడాది ఉత్తమ గీత రచన అవార్డు చంద్రబోస్ గారికి "కొండపొలం" సినిమాలోని పాటకు వచ్చింది. ఆ సినిమాకు మూలం కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల. కరువులో గొర్రెలను తోలుకొని నల్లమల ఎక్కే కాపరుల కథ. మన చెంచుల అడవి అది. ఆ సినిమా పెద్దగా ఆడలేదు. ఒక చేత్తో బాగా ఆడినదానికీ, ఇంకో చేత్తో ఆడనిదానికీ అదే పీట వేశారు. బయటి దేశాల్లోనూ అంతే. 2018లో అమెరికాలో పులిట్జర్ సంగీత బహుమతిని కెండ్రిక్ లమార్ అనే ర్యాప్ గాయకుడికి ఇచ్చారు. అంతకుముందు దాన్ని శాస్త్రీయ, జాజ్ సంగీతకారులకే ఇచ్చేవారు. నల్లజాతి పేటల నుంచి వచ్చిన పాట, లక్షల్లో అమ్ముడైన పాట, ఆ మెట్టు ఎక్కింది.

ఇక మన ఆడబిడ్డల మాట. గాయని మంగ్లీ మన సుగాలి బిడ్డ. మన పక్క అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండా. సేవాలాల్ మహరాజ్ పేరు నిలిచిన సేవాగఢ్ కూడా ఆ గుత్తి దగ్గరే. ఆమె తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. జానపదం పాడారు, టీవీలో నిలబడ్డారు, తర్వాతే సినిమా. ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ "పుష్ప"లో "ఊ అంటావా" పాడారు. గొంతు దేవుడిచ్చాడని ఊరికే అనేస్తాం. సాధన ఎవరిచ్చారు? మా హాస్టళ్లలో మంచి గొంతున్న ఆడపిల్లలు ఏటా కనబడుతూనే ఉంటారు. సుగ్గికి పోయిన అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తే, "సంగీతం నేర్చుకుంటా" అన్న బిడ్డకు "పాటలు పాడి బతుకుతావా?" అన్న జవాబే దొరుకుతుంది. హిట్ పాటను కళగా గౌరవించాలా అన్న ప్రశ్న మనకు పండితుల చర్చ కాదు. ఆ బిడ్డ గొంతు బతుకుతుందా, మూగబోతుందా అన్న ప్రశ్న.

గౌరవించడం అంటే దండం పెట్టి ఊరుకోవడం కాదు. ప్రశ్నించేంత శ్రద్ధగా వినడం. "ఊ అంటావా" పాటే తీసుకోండి. ఆడది ఏ బట్ట కట్టినా, ఎలా ఉన్నా, మగవాడి చూపు మారదని ఆ మాటలు ఎత్తిపొడుస్తాయి. పాడిన గొంతులో ఆ వెటకారం ఉంది. కానీ తెర మీద కెమెరా ఏం చేస్తోంది? పాట ఏ చూపును తిడుతోందో ఆ చూపుతోనే ఆడమనిషిని చూస్తోంది. రాసినవాళ్ల నేర్పును, పాడిన ఆడబిడ్డ నేర్పును మెచ్చుకుంటాం. కెమెరాను నిలదీస్తాం. రెండూ ఒకేసారి చేయగలిగితేనే మనం పాటను సీరియస్‌గా తీసుకున్నట్టు. మన కుర్రాళ్లు యూట్యూబ్‌లో పెట్టే బంజారా డీజే పాటలకూ ఇదే మర్యాద, ఇదే పరీక్ష. గోర్‌బోలీలో ఉంది కదా అని ఆడపిల్లను వెక్కిరించే చరణానికి చప్పట్లు కొట్టం.

ఇందాక రోకలి పట్టిన ఆడవాళ్ల పేర్లు లేవన్నాం. ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు. 2021లో "సారంగదరియా" వచ్చింది. సుద్దాల అశోక్‌తేజ గారు జానపద పల్లవి తీసుకొని కొత్తగా రాశారు, మంగ్లీ పాడారు. అంతకుముందే ఆ జానపదాన్ని టీవీలో పాడిన కోమలి, తన పేరు ఏదని అడిగారు. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామని ప్రకటించారు. అడిగింది కాబట్టి దక్కింది. అడగనివాళ్ల సంగతి?

కృష్ణకు అవతలి ఒడ్డున, నాగర్‌కర్నూలు జిల్లాలో, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారు "భీమ్లా నాయక్" పాటతో ఇంటింటికీ తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడాల దగ్గర కూలి పని చేస్తున్నారని పత్రికలు రాశాయి. పాటకు దొరికిన పీట మనిషికి దొరకలేదు. చట్టం ఏమంటుంది? కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల పాట రాసినవారికి, స్వరపరిచినవారికి, పాడినవారికి రాయల్టీ హక్కు బలపడింది. కానీ అవ్వ నోట తరాలుగా వచ్చిన పాటకు యజమాని ఎవరు? కాగితం మీద ఎవరూ లేరు. అందుకే ఎవరైనా తీసుకుపోతారు. "చెంచులక్ష్మి" పేరుతో 1943లో, 1958లో సినిమాలు వచ్చాయి. 1958 సినిమా పాటలు చాలా మధురం, సాలూరి రాజేశ్వరరావు గారి పని అది, కాదనం. అయినా అహోబిలం కొండల చెంచు బిడ్డ కథలో చెంచు గొంతు ఒక్కటీ లేదు. పేరు మనది, వేషం మనది, పాట మాత్రం మనది కాదు.

కాబట్టి మా తీర్పు ఇది. హిట్టయిన పాటకు పీట వేద్దాం. హిట్టయిందని కాదు, హిట్టయినా సరే అని. పీట మీద కూర్చోబెట్టి మూడు మాటలు అడుగుదాం. ఇందులో ఎవరి పని ఉంది? ఇది ఎవరిని ఏమంటోంది? ఎవరి దగ్గర తీసుకుంది, వాళ్లకేం ఇచ్చింది?

మేము బీఈడీలో నేర్చుకున్న మొదటి సూత్రం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించమని. మీకు తెలిసినది సినిమా పాట. అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆ చెవితోనే మీ నానమ్మ పాట వినండి. తీజ్ పండగకు గోధుమ మొలకల బుట్టల దగ్గర తొమ్మిది రోజులు పాడే పాటలు, హోలీకి లేంగీలు, అత్తారింటికి పోయే బిడ్డ ఏడ్చే ఢావలో. ఢావలోలో ఏడుపు ఎక్కడ ఆగి పాట మొదలవుతుందో, పాట ఎక్కడ ఆగి ఏడుపు మొదలవుతుందో గమనించండి. ఏ స్టూడియోలోనూ అంత కష్టమైన పాట పాడరు.

వచ్చే కార్యక్రమానికి మూడు పనులు పెట్టుకుందాం. సినిమా పాటకు ఆడేవాళ్లు ఆడండి, కానీ మైకులో ఆ పాట రాసినవారి, స్వరపరిచినవారి, పాడినవారి పేర్లు చెప్పి ఆడండి. ప్రతి హాస్టల్ తన ఊళ్ల పాట ఒకటి, సినిమా పాటకు ఎన్ని రోజులు ప్రాక్టీస్ చేస్తే అన్ని రోజులు చేసి తేవాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోన్‌లో పెద్దవాళ్ల పాట రికార్డు చేయండి, వాళ్లను అడిగే చేయండి. పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ మొదట్లోనే చెప్పించండి. రేపు ఎవరైనా ఆ పాట సినిమాలో పెడితే, "ఇది మా అవ్వ పాట, ఇదిగో ఆమె గొంతు" అని చూపించడానికి మన దగ్గర ఒక ఆధారం ఉండాలి.

పెద్దలు పెన్‌డ్రైవ్ లాక్కోవద్దు. పిల్లలు నానమ్మ పాడుతుంటే లేచి పోవద్దు. ఈ రెండూ జరిగితే ముందు రోజు సాయంత్రం తగువు ఉండదు, రిహార్సల్ ఉంటుంది.

సెలవు. అందరికీ రాం రాం.