కన్జర్వేటరీ క్లీనింగ్‌కి ఎంత అడగాలి?

యూకేలో విండో క్లీనింగ్ మొదలుపెట్టిన మనోళ్లు కొందరు ఇదే అడుగుతున్నారు. కన్జర్వేటరీ అంటే ఇంటి వెనక గోడకి ఆనించి కట్టే అద్దాల గది. పక్క అద్దాలు మామూలు కిటికీల లెక్కలోనే పోతాయి. కష్టమంతా పైకప్పుదే, దానికి వేరే రేటు చెప్పండి.

ఫోన్లో మాత్రం చెప్పొద్దు. వెళ్లి చూడండి. కప్పు గ్లాసా, పాలీకార్బొనేటా? పైన చెట్టుందా? ఎండ తగలని వైపు నాచు బాగా పడుతుంది. నాలుగు గంటల పని, గంటకి 35 పౌండ్లు అనుకుందాం, 140 అయింది. గట్టర్లు కూడా అంటే ఇంకో గంట కలపండి. పోల్, ప్యూర్ వాటర్, ఇన్సూరెన్స్ ఖర్చులన్నీ ఆ 35లోంచే రావాలి కదా! ఎవరో 60కే చేస్తామన్నారంటే, వాళ్లనే చేసుకోనివ్వండి.

ముందే లీకేజీ ఉందేమో అడిగి, ఫొటోలు తీసుకోండి. లేకపోతే తర్వాత నీళ్లు కారితే మీ వల్లే అంటారు. పాలీకార్బొనేట్ మీద కాలు పెట్టకండి, నిచ్చెన కూడా ఆనించకండి, విరిగిపోతుంది.

అన్నట్టు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సొంతంగా ఈ పని చేయకూడదు, రూల్ ఒప్పుకోదు. 140 పౌండ్ల కోసం వీసా పోగొట్టుకోకండి. సరే, ఉంటానండీ.