పాత పట్టుచీర అంచుతో గుమ్మం తోరణం, ఎగ్జామ్ ప్యాడ్‌తో వాల్ ఫ్రేమ్: 600 రూపాయల్లో ఎంత అవుతుంది?

ఈరోజు ఇంట్లో చేసుకునే క్రాఫ్ట్స్ గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, ఐస్‌క్రీమ్ పుల్లలతో ఇల్లు కట్టడం లాంటివి కాదు. చేశాక నిజంగా వాడుకునేవి, ఎవరికైనా ఇస్తే వాళ్లు అటక మీద పడేయకుండా ఉండేవి.

ఈ టాపిక్ ఎందుకంటే, ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. "అక్కా, ప్రాజెక్ట్ అయిపోయిందని కొన్నాళ్లు బెంచ్ మీద ఉంచి తర్వాత తీసేశారు. మూడు నెలలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వచ్చే నెల మా అక్క గృహప్రవేశం. ఉద్యోగం ఉండుంటే వెండి కుందులు పట్టుకెళ్లేవాణ్ని. ఇప్పుడు ఖర్చుపెట్టగలిగేది 600. చేత్తో ఏదైనా చేసిస్తే చీప్‌గా ఉంటుందా?" అని అడిగాడు. ఇలాంటి పరిస్థితి ఈ తమ్ముడొక్కడిదే కాదని నాకు తెలుసు, అందుకే ఎపిసోడ్ చేస్తున్నా.

చీప్‌గా ఉంటుందా అంటే, ఏం చేస్తున్నావో దాన్నిబట్టి ఉంటుంది తమ్ముడూ. ముందు ఏది చెయ్యకూడదో చెప్తా. మీ ఫీడ్‌లో రోజూ వచ్చే బాటిల్ ఆర్ట్ తీసుకోండి. "ఖాళీ సీసాతో ఫ్రీగా అందమైన గిఫ్ట్" అంటారు. సీసా ఫ్రీయే. గ్లూగన్, దానిలోకి స్టిక్స్, యాక్రిలిక్ కలర్స్ సెట్, రెండు బ్రష్‌లు, వార్నిష్, లేసు, మిర్రర్లు... ఇవన్నీ కార్ట్‌లో వేసి టోటల్ చూడండి. ఒక్క సీసా కోసం అంత పెట్టి కొంటే, మిగిలిన సామాను మళ్లీ ఎప్పుడు వాడతాం? వీడియో చేసేవాళ్లకు ఆ సామాను ఆల్రెడీ ఉంటుంది, మనకి ఉండదు. తేడా అంతా అక్కడే. ఆఫీసులో ఎస్టిమేట్ వేసినట్టే, సెటప్ ఖర్చు కూడా లెక్కలో వేయాలి. ఇంకో మాట, గ్లూగన్‌తో అతికించింది ఎండ తగిలే గుమ్మానికి కట్టొద్దు. మన మే నెల ఎండకి ఆ జిగురు మెత్తబడి, పూసలు ఒక్కొక్కటే రాలిపోతాయి.

రెజిన్ కోస్టర్లు కూడా నేను రికమెండ్ చెయ్యను. చూడ్డానికి బావుంటాయి, ఒప్పుకుంటా. కానీ దానికి గ్లవ్స్ కావాలి, గాలి బాగా ఆడే చోటు కావాలి. పీజీ రూమ్‌లో కిటికీ మూసి చేసే పని కాదది.

సరే, అసలు విషయానికొద్దాం. గుమ్మం తోరణం. మామిడాకు ఆకారంలో, పట్టుచీర అంచుతో.

కావాల్సింది ఒక పాత పట్టుచీర. అమ్మ బీరువాలో అడుగున ఒకటి ఉండే ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే పట్టు ఆ మడత మీదే చీలిపోతుంది. అందుకే పెద్దవాళ్లు అప్పుడప్పుడు తీసి మడత మారుస్తుంటారు. అలా చీలిన చీర కట్టుకోవడానికి పనికిరాదు, కానీ అంచు మాత్రం గట్టిగానే ఉంటుంది.

కత్తెర పెట్టే ముందు రెండు పనులున్నాయి. మొదటిది, అడగండి. అది అమ్మ పెళ్లిచీర కావచ్చు, అమ్మమ్మది కావచ్చు. "చిరిగిపోయిందిగా" అని మనకు మనమే డిసైడ్ అయిపోయి కోస్తే ఇంట్లో జరిగే గొడవకి నాది బాధ్యత కాదు. రెండోది, జరీ. పాత కంచి, ధర్మవరం చీరల్లో అసలు జరీ ఉండే చాన్స్ ఉంది. అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత వేస్తారు. వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరిగేవాళ్లు వచ్చేది ఆ వెండి కోసమే. కాబట్టి నమ్మకమైన షాపులో ఒకసారి చూపించండి. అసలు జరీ అయితే కొయ్యొద్దు, ఉంచాలో అమ్మాలో అమ్మ చూసుకుంటుంది. మామూలు జరీ అయితేనే మనం మొదలుపెడదాం. చీర దొరకలేదా? టైలర్ షాపులో పట్టు బ్లౌజులు కుట్టగా మిగిలిన ముక్కలు అడగండి. రంగురంగుల ముక్కలతో ఇంకా బావుంటుంది, నిజం చెప్తున్నా.

మిగతా సామానంతా మ్యాచింగ్ సెంటర్‌లో దొరుకుతుంది. ఇస్త్రీ చేస్తే అతుక్కునే బక్రం అరమీటరు, లైనింగ్ గుడ్డ అరమీటరు, దారం, సూది, 11 చిన్న మువ్వలు. నాకు బక్రం 50, లైనింగ్ 40, మువ్వలు ఒక్కోటి 6 చొప్పున 66, దారం-సూది 20 అయ్యాయి. మొత్తం 176 రూపాయలు. మీ ఊళ్లో పదో ఇరవయ్యో అటూఇటూ ఉండొచ్చు.

ఇప్పుడు కొలతలు. గుమ్మం వెడల్పు అందాజాగా వేసుకోవద్దు, టేప్ పెట్టి కొలిచి చెప్పమని అక్కనే అడుగు. కర్టెన్ కోసమని చెప్పు, పర్లేదు. నేను చేసినదానికి పట్టీ 42 అంగుళాలు. ఆకులు 11, ఒక్కోటి 3 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు. పదకొండు ఆకులకి 33 అంగుళాలు, మధ్యలో పది ఖాళీలు ముప్పావు అంగుళం చొప్పున ఏడున్నర. మొత్తం నలభైన్నర. రెండు చివర్లా ముప్పావు అంగుళం చొప్పున మిగులుతుంది. మీ గుమ్మం చిన్నదైతే ఆకులు 9 చేసుకోండి, సైజు తగ్గించొద్దు. బుల్లి ఆకులు దూరం నుంచి చూస్తే ఆకుల్లా కనపడవు, తోకల్లా కనపడతాయి.

అంచు 4 అంగుళాలే ఉందని దిగులు పడకండి. ఆకుని అంచు పొడవునా పడుకోబెట్టి కోస్తే, మడతకి వదిలే అర అంగుళం కలుపుకుని ఒక్కో ఆకుకి 8 అంగుళాల అంచు పడుతుంది. పదకొండుకి 88 అంగుళాలు, అంటే రెండుంపావు మీటర్లు. చీరకి రెండువైపులా కలిపి పది మీటర్ల పైనే అంచు ఉంటుంది కాబట్టి, చిరిగిన చోట వదిలేసినా సరిపోతుంది.

చేసే పద్ధతి చెప్తా. పాత అట్టపెట్టె మీద మామిడాకు గీసి కత్తిరించండి, అదే మన అచ్చు. దాన్ని బక్రం మీద పెట్టి 11 గీసి కత్తిరించండి. బక్రానికి ఒకవైపు చేత్తో తడిమితే గరుగ్గా తగులుతుంది, జిగురు వైపు అదే. దాన్ని చీర వెనకవైపుకి ఆనించి, పైన పొడి కాటన్ గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె మీడియంలో పెట్టి పది సెకన్లు నొక్కి పట్టుకోండి. అటూఇటూ రుద్దితే జరిగిపోతుంది. ముందు ఏదైనా చిన్న ముక్క మీద ట్రై చేసి చూడండి, ఎందుకంటే కొన్ని చీరల్లో జరీ ప్లాస్టిక్‌ది. వేడికి ముడుచుకుపోతుంది.

తర్వాత చుట్టూ అర అంగుళం వదిలి చీర కత్తిరించండి. వంపుల దగ్గర ఆ అంచుకి చిన్నచిన్న గాట్లు పెట్టి లోపలికి మడవండి. గాట్లు పెట్టకపోతే అక్కడ ఉండలా పోగుపడుతుంది. మడిచాక కచ్చా కుట్టు. వెనక లైనింగ్ ముక్కని కూడా అంచులు లోపలికి మడిచి హెమ్మింగ్ చెయ్యండి. మగపిల్లలు "నాకు కుట్టడం రాదు" అంటారేమో. షర్టుకి బొత్తాం కుట్టుకోగలిగితే ఇది కూడా వస్తుంది. మొదటి ఆకు వంకరగా వస్తుంది, దాన్ని చివర్లో కట్టెయ్యండి.

పట్టీకి 4 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు ముక్క తీసుకోండి. పొడవు వైపు అంచులు అర అంగుళం చొప్పున లోపలికి మడిచి, దాన్ని మళ్లీ సగానికి మడిస్తే ఒకటిన్నర అంగుళాల పట్టీ వస్తుంది. రెండు చివర్లా కూడా అర అంగుళం మడిచేస్తే పొడవు 42కి సరిపోతుంది. ఆకుల పైకొసలు ఆ మడతలోకి దూర్చి గుండుసూదులు పెట్టేసి, ఒకేసారి కుట్టు వేసుకుంటూ వెళ్లిపోవడమే. ఆకు కొనకి మువ్వ. చివర్లకి దారపు ఉచ్చులు. మేకు కొట్టే పని లేదు, మామిడాకులు కట్టడానికి మన గుమ్మాలకి అటో మేకు ఇటో మేకు ఎప్పుడూ ఉంటాయిగా.

టైమ్ ఎంత? ఆకుకి 25 నిమిషాల లెక్కన పదకొండుకి నాలుగున్నర గంటలు. పట్టీకి, మువ్వలకి ఇంకో గంటన్నర. రోజుకో గంట కూర్చుంటే వారంలోపు అయిపోతుంది. ఎవరైనా పది నిమిషాల్లో తోరణం అని చూపిస్తే, అది ఎడిటింగ్‌లో పది నిమిషాలు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే ఇది కట్టేస్తానని పట్టుబట్టొద్దు తమ్ముడూ. ఆ రోజు గుమ్మానికి మామిడాకులే కడతారు, కట్టాలి కూడా. అవి ఎండిపోయాక, వారం తర్వాత, గుమ్మం బోసిగా కనపడినప్పుడు అక్క నీది తీసి కడుతుంది. అప్పట్నుంచి అదే ఉంటుంది. దుమ్ము పడితే దులపాలి, ఉతక్కూడదు. ఈ విషయం ఒక చిన్న కాగితం మీద రాసి లోపల పెట్టు.

600లో 176 పోయాయి. మిగిలినదాంట్లో ఒక ఏటికొప్పాక కుంకుమ భరిణె కొనమంటా. నాకు చిన్నది 180కి దొరికింది. ఇది చేసుకునే వస్తువు కాదు, కొనుక్కునే వస్తువే. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు, అది తరాల పనితనం. కొండపల్లి బొమ్మలూ అంతే. తెల్లపొణికి కర్ర చెక్కి, ముక్కల్ని మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. చేర్యాల మాస్కుల్లో కూడా ఆ చింతగింజల ముద్దే ఉంటుంది. అలాంటివాటిని థర్మాకోల్‌తో కాపీ కొట్టే వీడియోలు చూస్తే నాకు కొంచెం బాధేస్తుంది. చిన్నదైనా పర్లేదు, అసలుదే కొనండి. లేపాక్షి షోరూముల్లో, గోల్కొండ షోరూముల్లో చిన్నసైజువి చూడండి.

ఇంకో విషయం చెప్పాలి, ఇది క్రాఫ్ట్ గురించి కాదు. తోరణం చేతిలో పెట్టగానే మీ అక్క అడిగే మొదటి ప్రశ్న "బావుందిరా" అని ఉండదు. "నువ్వే కుట్టావా? నీకింత టైమ్ ఎక్కడిది?" అంటుంది. ఏ అక్కయినా అదే అడుగుతుంది. వెండి కుందులు ఇస్తే ఆ ప్రశ్న రాదు, చేత్తో చేసిందిస్తే కచ్చితంగా వస్తుంది. వంద మంది చుట్టాల మధ్య, వంటవాళ్ల హడావుడిలో, నువ్వు తడబడతావు. కాబట్టి ఫంక్షన్‌కి ఓ పది రోజుల ముందే ఫోన్ చేసి అక్కకి ఒక్కదానికే చెప్పు. అమ్మానాన్నలకి ఎప్పుడు, ఎలా చెప్పాలో తనే ఒక దారి చూస్తుంది. కొత్త ఇంటి లోన్, ఈఎంఐ టెన్షన్‌లో ఉన్న మనిషికి నీ టెన్షన్ అర్థం కాకుండా ఉండదు. పుట్టింటి నుంచి పెట్టాల్సిన బట్టలు ఎలాగూ అమ్మానాన్న చూసుకుంటారు, వాటి కోసం క్రెడిట్ కార్డ్ గీకకు. ఈ ఒక్క మాట విను.

సరే, ఇక అద్దె ఇళ్లవాళ్లకి. రెండోది చిన్నదే, త్వరగా చెప్పేస్తా. బీటెక్ చదివిన ప్రతి ఇంట్లో ఒక ఎగ్జామ్ ప్యాడ్ మూల పడి ఉంటుంది. వెనకవైపు నుంచి కటింగ్ ప్లేయర్‌తో రివెట్లు ఊడదీసి క్లిప్పు తీసేయండి. దానికి కలంకారీ గుడ్డ చుడితే ఫ్రేమ్ రెడీ. మామూలు ప్యాడ్ 14 అంగుళాలకి 10 ఉంటుంది. నాలుగువైపులా 2 అంగుళాలు మడతకి వదిలితే 18కి 14 ముక్క కావాలి. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ అరమీటరు కొంటే మూడు ప్యాడ్‌లకి వస్తుంది. ఫెవికాల్ వెనకవైపు మడతలకే రాయండి, ముందువైపు రాస్తే మరక తేలుతుంది. అట్ట మీద ఏవైనా రాతలుంటే గుడ్డ కింద ఒక తెల్లకాగితం వేయండి, లేకపోతే సెమిస్టర్ ఫార్ములాలు బయటికి కనపడతాయి!

గుడ్డ కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. రెండూ కలంకారీయే. కానీ షాపుల్లో ఆ పేరుతో అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్ కూడా చాలా ఉంటుంది. ఫ్రేమ్‌కి అదైనా ఓకే, కాకపోతే దానికి చేతి అచ్చు రేటు ఇవ్వొద్దు.

గోడకి తగిలించడం దగ్గరే అసలు గొడవ. ఓనర్ మేకు కొట్టనివ్వరు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత వేస్తారు. అంటించే స్ట్రిప్స్ వాడితే ముందు తలుపు వెనకాల, కనపడని చోట ఒకటి అంటించి రెండు రోజులు చూడండి. సున్నం, డిస్టెంపర్ గోడలైతే పెచ్చుతో సహా ఊడొస్తుంది. ప్లాస్టిక్ పెయింట్ అయితే మామూలుగా నిలుస్తుంది. తీసేటప్పుడు మనవైపుకి లాగొద్దు, తోకని గోడకి ఆనించి కిందికి మెల్లగా సాగదీయాలి. నాకు అడిగితే అసలు గోడకే వద్దు. మూడు ప్యాడ్‌లనీ షోకేసులోనో టీవీ పక్కనో వాల్చి పెట్టేస్తే సరిపోతుంది, ఇల్లు మారినప్పుడు బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. లైటింగ్ కావాలంటే బ్యాటరీదో యూఎస్‌బీదో ఎల్ఈడీ తీగ తీసుకోండి. గుడ్డ, కాగితం పక్కన కరెంటు సీరియల్ సెట్ వద్దు.

కాగితంతో చేసే పనులు, మైదా బంక, పెళ్లికార్డులతో కవర్లు, ఇవన్నీ ఈరోజు టైమ్ సరిపోవట్లేదు, ఇంకో ఎపిసోడ్ చేస్తా. బంకకి పురుగు పట్టకుండా మైలతుత్తం కలపమని ఎవరైనా చెప్తే మాత్రం, ఇంట్లో పిల్లలుంటే ఆ పని చెయ్యకండి. అది విషం. ఏ పూటకి కావాల్సినంత ఆ పూటే కాచుకోండి.

తోరణం అచ్చు కొలతలు స్క్రీన్ మీద పెట్టాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎక్కడైనా కుట్టు దగ్గర ఆగిపోతే ఫొటో పంపండి, చూసి చెప్తా. తమ్ముడూ, నువ్వు ముందు ఫోన్ చెయ్యి, ఆకుల సంగతి తర్వాత. ఉంటాను ఫ్రెండ్స్, బై.