ఇంటి క్రింది గాలి



ఉత్తర కరోలినాలో పెక్కు ఇండ్లకు కొయ్యనేల. దాని క్రింద మనిషి ప్రాకదగినంత ఖాళీ చోటుండును. అచ్చట ఇల్లు కొనిన నా పూర్వశిష్యుడు నేల క్రింద బూజు పట్టినదని వ్రాసెను. గాలికంతలు తెరచియుంచుమని బదులు వ్రాసితిని. పొరపడితిని.

వేసవిని అచ్చటి గాలి తేమతో నిండియుండును. చన్నీటి చెంబునకు చెమట పట్టినట్లు, చల్లని దూలములను, శీతలవాయువు పోవు గొట్టములను తాకి ఆ తేమ నీరగును. కొయ్య పుచ్చును, తేమగాలి పైగదుల కెక్కి శీతలయంత్రమునకు శ్రమ హెచ్చించును. శీతకాలమున ఆ కంతలనుండియే చలి చొచ్చి నేలను చల్లబరచును. కాచిన వేడి వృథయగును.

కావున మొదట వాననీరు చేరకుండ జూచి, మట్టిపై దళసరి ప్లాస్టిక్కు పరచి, పిమ్మట కంతలు మూసి, చుట్టుగోడలకు వేడిని నిరోధించు పొర కట్టవలెను. ఈ వరుస తప్పరాదు; తేమను లోపల బంధించిన కీడే.

అచ్చట ఇల్లు కొనబోవు మీ బిడ్డలతో, కప్పుతోపాటు నేల క్రిందను చూడుమని చెప్పుడు.