పరీక్ష దగ్గర మొదలయ్యే పాఠం

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నారు. గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరు సర్జికల్ గౌను వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా, చివరికి సుబ్బారావు చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం తయారీకీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆవిష్కరణకూ సారథ్యం వహించింది ఈ ఎల్.ఎం.ఎస్. డాక్టరే. ఆయనను తలుచుకుంటూ వైద్యవిద్య గురించి మాట్లాడేవారు సిలబస్ కంటే ముందు పరీక్ష సంగతి తేల్చుకోవాలి.

ప్రాక్టికల్స్ అంటే చాలాకాలం ఒక లాంగ్ కేసు, ఒకటో రెండో షార్ట్ కేసులు, ఆపైన వైవా. ఏ రోగి వంతుకొచ్చాడు, ఎదురుగా ఏ ఎగ్జామినర్ కూర్చున్నాడు అన్నదాని మీద చాలా మార్కులు ఆధారపడేవి. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం ఇందుకు ఒక విరుగుడు కనిపెట్టింది. అదే ఓస్కీ (ఆబ్జెక్టివ్ స్ట్రక్చర్డ్ క్లినికల్ ఎగ్జామినేషన్). విద్యార్థులందరూ ఒకే వరుస స్టేషన్ల గుండా కొన్నేసి నిమిషాల చొప్పున నడుస్తారు. ఒకచోట బీపీ చూడాలి, ఇంకోచోట ఎక్స్‌రే చదవాలి, మరోచోట రోగితో మాట్లాడాలి. ముందే రాసిపెట్టుకున్న చెక్‌లిస్టు ప్రకారం ఎగ్జామినర్ మార్కులు వేస్తాడు.

1990లో వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ డాక్టరు సామర్థ్యాన్ని కొలవడానికి ఒక నిచ్చెన కట్టాడు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, పనిలో చేస్తున్నాడు. రాతపరీక్ష కింది రెండు మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

మన దేశంలో 1997 నాటి నిబంధనలే రెండు దశాబ్దాలకు పైగా నడిచాయి. 2018లో భారత వైద్య మండలి మూడు సంపుటాల్లో కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చింది. 2019లో చేరిన ఎం.బి.బి.ఎస్. బ్యాచ్ నుంచి అది అమలైంది. అందులో ప్రతి సామర్థ్యం పక్కనా అది మిల్లర్ నిచ్చెనలో ఏ మెట్టుదో రాసి ఉంటుంది. నైతికత, రోగితో సంభాషణ నేర్పే ఏట్‌కామ్ మాడ్యూలూ అప్పుడే వచ్చింది.

ఇలాంటి ప్రణాళిక తయారుచేయడం ఎలాగో చూడటానికి విరేచనాలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన పసిబిడ్డ చాలు. కొత్త డాక్టరు ఆ బిడ్డ కళ్లు లోతుకు పోయాయా, చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా, నీళ్లు ఆత్రంగా తాగుతోందా చూడాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలపాలనీ, విరేచనాలు తగ్గినా జింకు మందు 14 రోజులూ ఆపకూడదనీ తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇక్కడి నుంచి వెనక్కి నడిస్తే పాఠాలు వాటంతటవే వరుసలో పడతాయి. పేగు గోడలో గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లే తీరు ఫిజియాలజీలో, రోటావైరస్, కలరా మైక్రోబయాలజీలో, ఊరి మంచినీళ్ల సంగతి కమ్యూనిటీ మెడిసిన్‌లో, బిడ్డను పరీక్షించడం పీడియాట్రిక్స్‌లో. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు గదుల్లో చెప్పే నాలుగు పాఠాలను ఆ బిడ్డ ఒకచోట చేరుస్తుంది.

ఇంత చేసి చివరికి పరీక్షలో ‘ఓఆర్‌ఎస్‌లో ఏమేముంటాయి?’ అని అడిగితే విద్యార్థి ఆ జాబితానే బట్టీ పడతాడు, తల్లితో మాట్లాడటం నేర్చుకోడు. తప్పు అతనిది కాదు. హౌస్ సర్జన్లు వార్డు కంటే పీజీ ఎంట్రన్స్ ఎంసీక్యూల మీద ఎక్కువ మనసు పెట్టడానికీ ఇదే కారణం: సీటు ఇచ్చేది ఆ పరీక్షే.

ఓస్కీ ఖర్చుతో కూడుకున్నదే. గదులు కావాలి, రోగిగా నటించేవారికి తర్ఫీదు కావాలి, ఒక్కో స్టేషన్‌కు ఒక అధ్యాపకుడు కావాలి. ఖాళీ పోస్టులతో నడిచే కళాశాలలో ఇది తేలిక కాదు. అయినా ఇంటర్నల్ పరీక్షల్లో నాలుగైదు స్టేషన్లతో మొదలుపెట్టవచ్చు.

తెలుగు రాష్ట్రాలకు ఇప్పుడు ఈ చర్చ అవసరం. 2023లో ఒక్క ఏడాదే తెలంగాణలో 9, ఆంధ్రప్రదేశ్‌లో 5 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తలుపులు తెరిచాయి. వాటి విద్యార్థులకు పరీక్షలు పెట్టేవి విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు. సిలబస్ ఢిల్లీ నుంచి వచ్చినా, ప్రశ్నపత్రం కూర్పులోనూ ప్రాక్టికల్స్ తీరులోనూ వాటికి చోటుంది. ప్రతి సబ్జెక్టులో ఏ సామర్థ్యాన్ని ఏ మెట్టు దగ్గర, ఎన్ని మార్కులకు పరీక్షిస్తారో ఆ రెండు విశ్వవిద్యాలయాలూ విద్యాసంవత్సరం మొదలుకాకముందే విద్యార్థుల ముందు పెట్టాలి.