చిగుళ్ల వ్యాధి – మతిమరుపు
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలకు మొదటి తెలుగు బడి అవ్వ ఒడియే. సామెతయు, పొడుపుకథయు వారికి ఆమె నోటినుండియే వచ్చుచున్నవి. ఈ యేడు మేమొక విద్యార్థి యింటికి పోయినప్పుడు వాని అవ్వ కథ నడుమ ఆగి, మనుమని పేరు మరచి, దిక్కులు చూచినది. ఆమె చిగుళ్లనుండి చాలకాలముగా నెత్తురు వచ్చుచున్నదని వాని తల్లి చెప్పి, “అయ్యవారూ, పంటి జబ్బువలననే అత్తకు మతి తప్పినదా?” అని అడిగినది. అందుకు మేము తెలిసికొన్న సమాధానమును మీకును విన్నవించుచున్నాము.

పండ్లపై పాచి పేరుకొని గట్టిపడిన గార యగును. చిగుళ్లు వాచును, తోముకొనునపుడు నెత్తురు వచ్చును. పిమ్మట పంటిని పట్టియున్న ఎముక క్షీణించి పన్ను కదలును. నొప్పి లేకయే సాగుటచే దీనిని మనము లెక్కచేయము. వాచిన చిగుళ్లనుండి సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశింపగలవు.

2017లో వెలువడిన తైవాను పరిశోధనలో, పదియేండ్లుగా చిగుళ్ల వ్యాధి గలవారికి ఆల్జైమర్ అను మతిమరుపు వ్యాధి వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు 1.7 రెట్లున్నట్లు కనబడినది. 2019లో శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిగ్రస్తుల మెదడులలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అను చిగుళ్ల సూక్ష్మజీవి జాడలను కనుగొనిరి.

అయినను తొందరపడి తీర్పు చెప్పరాదు. మతి తప్పినవారు పండ్లు తోముకొనుట మరతురు. కావున మతిమరుపే చిగుళ్లను చెరచియుండవచ్చును. ఆ సూక్ష్మజీవి విడుచు హానికర పదార్థములను అణచుటకు చేసిన మందొకటి 2021 నాటి పరీక్షా ఫలితములలో ఆశించిన మేలు చూపలేదు. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు మతిమరుపు వ్యాధికి నివారింపదగిన 14 కారణములను పేర్కొనిరి. అందు చదువు కొరతయు, చెవుడును, రక్తపుపోటును, పొగత్రాగుటయు కలవు. చిగుళ్ల వ్యాధి లేదు.

కావున ఆ తల్లికి మేమిట్లు చెప్పితిమి: “అమ్మా, సంబంధము కనబడినది, అదియే కారణమని రుజువు కాలేదు. మిమ్ము మీరు నిందించుకొనవలదు. మతిమరుపు ముసలితనమేయని ఊరకుండక అత్తగారిని వైద్యునికి చూపుడు.”

చిగుళ్లను కాపాడుకొనుటకు మాత్రము వేరు రుజువు అక్కరలేదు. పండ్లు నిలుచుటయే చాలిన లాభము. ఉదయమును, రాత్రియు పండ్లు తోముకొనవలెను. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటిని అరగదీయును. పొగాకు విడువవలెను. నెత్తురు వచ్చినచో దంతవైద్యుని చూడవలెను. మరచిపోవు పెద్దలకు బ్రష్షు చేతికిచ్చి ప్రక్కన నిలువవలెను. వారికి చేతకానిచో మనమే మెల్లగా తోమవలెను.

ఇప్పుడు ఆ బాలుడు ప్రతి రాత్రియు అవ్వ ప్రక్కన నిలిచి, ఆమెతో కూడ పండ్లు తోముకొనుచున్నాడు. ఆమె కథ నడుమ ఆగినచో తక్కినది తానే చెప్పుచున్నాడట. మీ యిండ్లలోని పెద్దల కథలను వారికి జ్ఞాపకమున్నపుడే పిల్లలచేత వ్రాయించుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.