కిటికీల బొంత
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మీ యెదుట పరచిన ఈ బొంతను మీలో చాలామంది చూసి యుండరు. ఒక కుటుంబమువారు తమ పాత ట్రంకు పెట్టెలోనుండి తీసి మాకు అప్పగించారు. అక్కడక్కడ చిరిగినది గనుక, ముక్కలు కోసి దిండు గలీబులు కుట్టి అమ్మితే సంఘ నిధికి పనికివచ్చునని మాలో కొందరన్నారు. కోసేముందు ఒకసారి చక్కగా చూద్దామని కూర్చున్నాము.

ఈ కుట్టును అమెరికాలో 'కెథీడ్రల్ విండో' అంటారు. అనగా పెద్ద దేవాలయపు కిటికీ. అక్కడ ఇది 20వ శతాబ్దంలో ప్రచారమైనది. మనం బొంతకు పాత చీరలు పొరలుగా పరచి కుడతాము. ఇందులో పొరలూ లేవు, దూదీ లేదు. బలమంతా మడతలోనే ఉన్నది. చదరపు తెల్లగుడ్డ నాలుగు మూలలను మధ్యకు మడచి, మరల నాలుగు మూలలను మధ్యకు మడుస్తారు. 6 అంగుళాల గుడ్డ 3 అంగుళాలవుతుంది. అటువంటివి రెండు జతచేసి, అతుకుమీద రంగుగుడ్డ ముక్కనుంచి, మడత అంచులను దానిపైకి వంచి కుడతారు. ఆ అంచు నేతకు ఐమూలగా ఉండుటవలన సాగి, విల్లువలె వంగి, కిటికీ ఏర్పడుతుంది.

ఈ బొంత 6 అడుగుల చదరము. తెల్ల మడతలు 576, కిటికీలు 1104. ప్రతి కిటికీకి నాలుగు వైపులా చేతికుట్టే.

లెక్కిస్తుండగా మాలో వృద్ధురాలైన ఒక అమ్మగారు ఒక కిటికీమీద వేలుపెట్టి, "ఇది మా అమ్మ చీర అంచేనమ్మా! దొరసానిగారి వరండాలో కూర్చుని కుట్టేది" అన్నారు. మేమందరము మౌనముగా ఉండిపోయాము. కుట్టు నేర్పిన దొరసానిగారి పేరు మనకు తెలుసు. కుట్టిన మన తల్లుల పేర్లు ఏ పుస్తకములోనూ వ్రాయబడలేదు.

కత్తెర పెట్టెలో పెట్టేశాము. చిరుగులను నూలుదారముతో బాగుచేసి, ఒకేచోట మడత పడకుండ ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలనిచోట భద్రపరచుచున్నాము.

మీకు ఒక మనవి. మీ ఇండ్లలో అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ కుట్టిన బొంతలుంటే పాతవని పారవేయకండి. వెనుకవైపున చిన్న గుడ్డముక్క వేసి, కుట్టినవారి పేరు, ఊరు దారముతో కుట్టండి. ఈ బొంతకు మేము ఆ అమ్మగారి తల్లి పేరుతో మొదలుపెట్టాము. మిగిలినవారి పేర్లు ఎరిగినవారు కూటము ముగిసిన తరువాత మాతో చెప్పండి. సూది, దారము తెచ్చుకున్నాము.